వేళాకోళానికీ ఒక వరస ఉంది

నాన్న కరెంటు బిల్లు చేతిలోకి తీసుకుని కళ్లజోడు సవరించుకుంటే చాలు, అమ్మ వంటింట్లోంచి "ములక్కాడ కట్టమంటారా?" అని అడుగుతుంది. నాన్న నొసటి ముడి విడిపోతుంది. బిల్లు మడిచి దాని చోట దాన్ని పెట్టేస్తారు. ముప్ఫై ఏడెనిమిదేళ్లుగా ఈ మాట మా ఇంట్లో చెల్లుతోంది. నా పెళ్లయ్యాక మా ఆయనకు దీని అర్థం నేను చెప్పాను. తమ్ముడి పెళ్లయ్యాక మరదలికి అమ్మే చెప్పింది. పిల్లలకు ఎవరూ చెప్పనవసరం లేకుండానే తెలిసిపోయింది. ఈ హైదరాబాదులో మా వాళ్లు నాలుగు ఇళ్లు మారారు. సామాను చాలా పోయింది. ఈ మాట మాత్రం పోలేదు.

అది పుట్టింది 1987 చివర్లో. చిక్కడపల్లిలో రెండు గదుల వాటాలో అద్దెకుండేవాళ్లం. నాకు పదకొండేళ్లు, తమ్ముడికి ఎనిమిది. అమ్మ తమ్ముడు, మా చిన్న మామయ్య, బ్యాంకు పరీక్షలకు చదువుకుంటూ మా దగ్గరే ఉండేవాడు. జంధ్యాల 'అహ నా పెళ్ళంట' ఆ నవంబరులోనే విడుదలైంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ మాకు నడిచి వెళ్లేంత దూరం. ట్యూషన్లు చెప్పి సంపాదించుకున్న డబ్బుతో మామయ్య అందరికీ టిక్కెట్లు తెచ్చాడు. కొన్న టిక్కెట్టు వృథా పోకూడదు కాబట్టి నాన్న కూడా వచ్చారు.

అందులో కోట శ్రీనివాసరావు వేసిన పిసినారి లక్ష్మీపతి, కోడిని పైనుంచి వేలాడగట్టి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. హాలు హాలంతా విరగబడి నవ్వుతోంది. నేను నవ్వుతూనే నాన్న వైపు చూశాను. ఆయన నవ్వడం లేదు. అమ్మ నవ్వుతోంది కానీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చీకట్లో మా నలుగురికీ తెలుసు, తెర మీద ఎవరున్నారో.

నిజానికి నాన్న పిసినారి కారు. ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లకు చేసిన అప్పును గుమాస్తా జీతంలోంచి నెలనెలా తీరుస్తున్న మనిషి. ఆ సంగతి నాకు పెద్దయ్యాక అర్థమైంది. అప్పట్లో నాకు కనిపించినవి వేరు. టూత్‌పేస్టు గొట్టాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి, లోపల మిగిలినదాన్ని బ్రష్షుతో తీసుకునేవారు. అరిగిపోయిన సబ్బు ముక్కను కొత్త సబ్బుకు అతికించేవారు. మేం గదిలో లైటు ఆర్పకుండా వెళ్తే ఆయనే లేచి వచ్చి, ఒక్క మాటా అనకుండా ఆర్పి వెళ్లేవారు. ఆ ఒక్క మాటా అనకపోవడమే మాకు భయం. మిక్సీ కొనమని అమ్మ రెండేళ్లుగా అడుగుతోంది. అడిగిన ప్రతిసారీ ఇంట్లో ఒక పూట మాటలుండేవి కావు.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం నాన్న చేతులు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నారు. ఆయన కంచానికి సరిగ్గా పైన, గదిలో అడ్డంగా కట్టిన బట్టల తీగ నుంచి, పురికొసకు వేలాడుతూ ఒక ములక్కాడ! ఆ రోజు ములక్కాడల పులుసు. అందులోంచి ఒక కాయను మామయ్య పక్కకు తీసిన సంగతి అమ్మకు కూడా తెలియదు. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తమ్ముడు నా మోచెయ్యి గిల్లాడు. మామయ్య గడపకు ఇవతల ఒక కాలు, అవతల ఒక కాలు వేసి, పరుగుకు సిద్ధంగా నిలబడ్డాడు.

నాన్న తలెత్తి ములక్కాడను చూశారు. తర్వాత మామయ్యను చూశారు. పులుసు పోసుకోకుండా ఉత్త అన్నమే ముద్ద చేసి, ముద్ద పైకెత్తి, మళ్లీ ఒకసారి ములక్కాడ వంక చూసి, నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలారు. అమ్మ వైపు తిరిగి, "పులుసులో ఉప్పు తగ్గింది" అన్నారు.

ముందు అమ్మ నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. తర్వాత మామయ్య, మేము. ఆఖరున నాన్న. కళ్లు తుడుచుకుంటూ, అన్నం చేతిని పక్కకు పట్టుకుని నవ్వారు. ఆయన అలా నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి.

ఆ నెల మిక్సీ రాలేదు. సంక్రాంతికీ రాలేదు. ఏడాదిన్నర తర్వాత వాయిదాల మీద వచ్చింది. కానీ ఆ మధ్యాహ్నం నుంచి అమ్మకు అడగడం సులువైంది. ములక్కాడ అనగానే తాను ఎదుటివాళ్లకు ఎలా కనిపిస్తున్నారో నాన్నకు తెలిసేది. తనను ఎవరూ నిందించడం లేదనీ తెలిసేది. ఎన్నిసార్లు మాట్లాడుకున్నా తెగని గొడవ ఒక కూరగాయతో తేలికపడింది. అందుకే ఇంట్లో హాస్యాన్ని ఎవరైనా కాలక్షేపం అంటే నేను ఒప్పుకోను. నేరుగా అనలేని మాటను అనగలిగే దారి ఇంట్లో అదొక్కటే. మంచి హాస్య సినిమా ఆ దారిని మనకు వేసి ఇస్తుంది.

అయితే ఆ రోజు గురించి ఆలోచించినప్పుడల్లా ఇంకో సంగతి తడుతుంది. ఆ ములక్కాడ నేను కట్టి ఉంటే వీపు చిట్లేది. అమ్మ కట్టి ఉంటే నెల్లాళ్లు మౌనం. మా బాబాయి కట్టే ప్రసక్తే లేదు, అన్నగారి ముందు అతను కుర్చీలో కూడా కూర్చునేవాడు కాదు. అదే ములక్కాడ, అదే పురికొస, అదే కంచం. మామయ్య కట్టాడు కాబట్టి చెల్లింది. నాన్నకు బావమరిది కాబట్టి చెల్లింది.

ఎవరిని ఏమని పిలవాలో, ఎవరిని పెళ్లాడవచ్చో చెప్పే వరసే, ఎవరితో వేళాకోళమాడవచ్చో కూడా చెబుతుంది. బావామరదళ్లకు చెల్లుతుంది. వదినామరుదులకు చెల్లుతుంది. తాతామనవలకు చెల్లుతుంది, మధ్యలో ఉన్న తండ్రికి చెల్లదు. అత్తగారి ముందు అల్లుడికీ, మామగారి ముందు కోడలికీ అసలే చెల్లదు. ఇది మన దగ్గరే ఉన్న విడ్డూరం కాదు. మానవశాస్త్రవేత్త ఏ.ఆర్. రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1940లో ఇలాంటి పరిహాసపు చుట్టరికాల మీద ఒక వ్యాసం రాశాడు. పెళ్లితో రెండు కుటుంబాలు దగ్గరవుతాయి, అయినా వేర్వేరుగానే ఉంటాయి. ఆ రాపిడి పోట్లాటగా మారకుండా సమాజాలు రెండు ఉపాయాలు పట్టుకున్నాయంటాడు. కొందరి మధ్య అతి మర్యాద, కొందరి మధ్య కోపం తెచ్చుకోకూడని వేళాకోళం. అది చదువుతుంటే నాకు అత్తగారి ఎదుట గొంతు పెగలని బాబాయి, బావగారి కంచం మీద ములక్కాడ కట్టిన మామయ్య పక్కపక్కనే కనిపించారు.

మన పెళ్లిళ్లలో ఈ ఉపాయం ఎంత ముచ్చటగా నడిచేదో! గుమ్మం దగ్గర కొత్త దంపతులను ఆపి, ఒకరి పేరు ఒకరు చెబితేగానీ లోపలికి రానివ్వని ఆడపడుచులు. నీళ్ల బిందెలో ఉంగరం కోసం చేతులు పెనుగులాడుతుంటే చుట్టూ చేరి ఎగదోసే వదినలు. విందులో వియ్యపురాలి తిండినీ డాబునూ ఎత్తిపొడిచే పాటలు. ఆడపెళ్లివారు ఒకటి పాడితే మగపెళ్లివారు ఊరుకునేవారు కాదు, అంతకు రెండింతలు అప్పగించేవారు. నాకు ఇందులో అన్నిటికన్నా విలువైనది ఆ బదులు పాటే. అనే హక్కు ఉన్నవాడికి పడే బాధ్యత కూడా ఉంది.

మన మాటల్లోనే ఈ తేడాలన్నీ ఉన్నాయి. వేళాకోళం, పరాచికం, ఆటపట్టించడం ఒక జట్టు. వెటకారం, ఎకసక్కెం నడిమధ్యన. ఎగతాళి, హేళన, గేలి ఇంకో జట్టు. "బావను ఆటపట్టించింది" అంటాం కానీ "బావను హేళన చేసింది" అంటే ఆ ఇంట్లో ఏదో తెగిందని అర్థం. ఆటపట్టించడంలో ఆట ఉంది. ఆట అన్నాక ఇద్దరూ ఆడాలి.

మామయ్యకు ఉద్యోగం వచ్చి వరంగల్లు వెళ్లిపోయాడు. బాబాయి భిలాయి వెళ్లాడు. మా మేనత్తలు వాళ్ల ఊళ్లలో ఉండిపోయారు. పట్నంలో మా ఇంట్లాంటి ఇళ్లు వేలు. నలుగురు మనుషులు, రెండు గదులు. అమ్మ, నాన్న, పిల్లలు. వరసలన్నీ గంభీరమైనవే మిగిలాయి. అలాంటి ఇళ్లలోకి బావగారి స్థానంలో, వదినగారి స్థానంలో సినిమా పాత్రలు వచ్చి కూర్చున్నాయని నా నమ్మకం. లక్ష్మీపతి మా ఇంటికి అలాగే వచ్చాడు. మామయ్య వెళ్లిపోయాక ఆ పని చేసి పెట్టింది ఆ పాత్రే.

అంతకుముందు వచ్చిన వాళ్లూ ఉన్నారు. మా నాయనమ్మ గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది, కానీ కోపం వస్తే ఇల్లు దడదడలాడేది. కోడలైన అమ్మకు ఎదురు చెప్పే వరస కాదు. అయినా నాయనమ్మ కేకలేస్తూ వేస్తూ మధ్యలో తనే ఆగి, "నేనేం సూర్యకాంతాన్ని కానులే" అనేది. ఆ ఒక్క పేరుతో తనను తనే వెనక్కి లాక్కునేది. సూర్యకాంతం గుండమ్మగా వేసిన 'గుండమ్మ కథ' 1962లో వచ్చింది. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఇద్దరూ ఉన్న సినిమాకు ఒక గయ్యాళి ఇంటావిడ పేరు పెట్టారంటే, ఆ పాత్ర మీద విజయా వారికి ఎంత నమ్మకమో చూడండి. గుండమ్మ నోటి దురుసును చూసి మూడు గంటలు నవ్వుతాం. కానీ చివర్లో ఆమె కష్టంలో పడినప్పుడు నవ్వు రాదు, జాలి కలుగుతుంది. ఆమె సతాయించిన సవతి కూతురే ఆమెకు అండగా వస్తుంది. నవ్వించిన మనిషిని నవ్వులపాలు చేసి వదిలేయలేదు ఆ సినిమా. సూర్యకాంతం తర్వాత తెలుగువాళ్లు ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడం మానేశారని సరదాగా అంటూ ఉంటారు. ఆమె మాత్రం షూటింగుకు ఇంటి నుంచి పిండివంటలు తెచ్చి అందరికీ పెట్టేవారని తోటి నటులు చెబుతూ వచ్చారు. నాకు మా నాయనమ్మ గుర్తొస్తుంది. కేకలూ ఆవిడవే, అరిసెలూ ఆవిడవే.

ఇంకా వెనక్కి వెళ్తే మునిమాణిక్యం నరసింహారావు కాంతం ఉంది. బడిపంతులు మొగుడు తన ఇంటి కథలు చెబుతుంటాడు, ప్రతి కథలోనూ భార్యదే పైచెయ్యి. భార్య మీద జోకు వేయడం మగవాడి జన్మహక్కు అన్నట్టుండే ఈనాటి సరదా కార్యక్రమాలు చూసినప్పుడు నేను కాంతాన్ని తలుచుకుంటాను. ఆ కథల్లో మాటకు మాట అప్పగించేది ఆవిడే.

జంధ్యాల దగ్గరికి వస్తాను, ఎందుకంటే నా వాదనకు ఆయనే అసలు సాక్షి. ఆయన పాత్రలకు తలా ఒక వెర్రి ఉంటుంది. ఒకరికి పొదుపు వెర్రి, ఒకరికి కవిత్వం వెర్రి. 1984 నాటి 'శ్రీవారికి ప్రేమలేఖ'లో శ్రీలక్ష్మికి చూసిన సినిమా కథ చెప్పే వెర్రి, అదీ తెర మీద పేర్లు పడటం దగ్గర్నుంచి. ఆ సినిమాకు మూలం పొత్తూరి విజయలక్ష్మి 'ప్రేమలేఖ' నవల. ఈ వెర్రులన్నీ మనిషి తనంత తాను ముద్దుగా పెంచుకున్నవి. కావాలంటే వదిలేయగలడు, వదలడు. అందుకే వాటిని చూసి నవ్వినా ఆ మనిషికి ఏమీ తగ్గదు. మన ఇళ్లలో బావలు పట్టుకునేవీ ఇవే కదా. వదినగారి నిద్ర, బావగారి లెక్కల పుస్తకం, తాతగారి పడక్కుర్చీ. బిడ్డలు లేకపోవడాన్నో, కాలు ఈడ్చడాన్నో ఏ మంచి బావా వేళాకోళానికి ఎత్తుకోడు. అది మర్యాద పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది కాదు, వరసతో వచ్చింది.

ఒక మాట పుట్టుక చూడండి. 1982లో 'నాలుగు స్తంభాలాట' వచ్చింది. అందులోని సుత్తి ఇంటింటా మాటైంది. వీరభద్రరావుకూ వేలుకూ అదే ఇంటిపేరైపోయింది. అంతకుముందు, చెప్పిందే చెప్పే పెద్దమనిషిని ఆపడానికి మన దగ్గర మర్యాదైన మాట ఏముంది? ఏమీ లేదు. ఆ తర్వాత మా పెద్దనాన్న తనంతట తానే "కాస్త సుత్తి వేస్తాను, వినండి" అని మొదలుపెట్టేవారు. మేమూ నవ్వుతూ వినేవాళ్లం, నిజంగానే వినేవాళ్లం. సుత్తి అన్న మాట లేకపోతే ఆయన స్వాతంత్ర్యం వచ్చినప్పటి ఊరి కబుర్లు సగం మాకు దక్కేవి కావు.

టీవీలో 'అమృతం' కూడా మా ఇంట్లో ఇలాగే చుట్టమైంది. 2001 నుంచి 2007 వరకు, 313 భాగాలు. ఆదివారం రాత్రి ఆ పాట మొదలయ్యేసరికి కంచాలు కడిగేసి ఉండాలి. అమృతం పాత్రకు నటులు మారారు. శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్. మా అమ్మ ఒకటి రెండు వారాలు గొణిగి సర్దుకుపోయింది. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు అలాగే ఉన్నాడు కదా, స్నేహం అలాగే ఉంది కదా అనుకుంది. హోటలు నడవక, అప్పులు తీరక, కొత్త ఉపాయం పన్నిన ప్రతిసారీ బోల్తా పడే ఇద్దరు మిత్రులు. అప్పుడే అపార్టుమెంటు కొని నెలసరి వాయిదాలకు తలొగ్గిన మాలాంటి వాళ్లు వాళ్లను చూసి నవ్వుకుని, సోమవారం పొద్దున్న బస్సు ఎక్కేవాళ్లం.

ఇక నాకు బాధ కలిగించిన సంగతి. కొన్నేళ్ల క్రితం మియాపూర్‌లో మా దగ్గరి చుట్టాల గృహప్రవేశం. భోజనాలయ్యాక హాలులో అందరం కూర్చున్నాం. పద్నాలుగేళ్ల పిల్ల ఒకతె, కాస్త బొద్దుగా ఉంటుంది, పూర్ణాల పళ్లెం పట్టుకుని అందరికీ పెడుతోంది. వరసకు అన్నయ్యే అయిన కుర్రవాడు, టీవీ స్కిట్టులో లావుపాటి ఆడవేషం మీద వేసే ఒక మాటను అదే గొంతుతో, అదే సైగతో ఆ పిల్ల మీద వేశాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ పిల్ల కూడా నవ్వింది. నవ్వుతూనే పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. చాలాసేపటికి నేను మంచినీళ్లకు వెళ్తే, స్టవ్ గట్టు పక్కన గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. పళ్లెం ఇంకా చేతిలోనే ఉంది. పూర్ణం తినమంటే వద్దంది. ఆ తర్వాత మా చుట్టాల పెళ్లిళ్లలో ఆమె వడ్డనకు వచ్చింది కానీ మా ఎదుట కూర్చుని తినగా నేను చూడలేదు.

ఆ కుర్రవాడు చెడ్డవాడు కాదు. టీవీలో నవ్వొచ్చింది కాబట్టి ఇంట్లోనూ వస్తుందనుకున్నాడు. తప్పు ఎక్కడ జరిగిందో నేను చాలా రోజులు ఆలోచించాను. ములక్కాడకూ దీనికీ తేడా ఏమిటి? నాన్న పొదుపును ఆయన కావాలంటే మార్చుకోగలరు, ఆ పిల్ల ఒళ్లు సాయంత్రానికి మారేది కాదు. నాన్నకు ఉప్పు తగ్గిందని బదులు చెప్పే చోటు ఉంది, ఆ పిల్లకు నవ్వడం తప్ప ఇంకో దారి ఎవరూ మిగల్చలేదు. అన్నిటికన్నా ముఖ్యం, మామయ్య నాన్నను రోజూ ప్రేమగా చూసుకునేవాడు. జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేవాడు. వేళాకోళం అతనికి ఉన్న చనువులో పదో వంతు. ఆ కుర్రవాడు ఆ పిల్లతో ఏడాదికొకసారి మాట్లాడతాడేమో! అన్నావరస ఉండి అన్నగా ఉన్నది లేదు.

పాత సినిమాల్లో ఇలాంటివి లేవా అని నన్ను అడుగుతారు. ఉన్నాయి, బోలెడు ఉన్నాయి. నత్తి మీద, చెవుడు మీద, బట్టతల మీద, నలుపు మీద, పెళ్లాన్ని కొట్టడం మీద ఎన్ని హాస్య సన్నివేశాలు తీశారో లెక్కలేదు. నేను మెచ్చుకున్న 'అహ నా పెళ్ళంట'లోనే లక్ష్మీపతి తన దగ్గర పనిచేసే అరగుండును తిట్టే తిట్లు ఇప్పుడు వింటే నాకు ఇబ్బందిగా ఉంటుంది. అయితే ఆ అరగుండు పడి ఉండడు. యజమాని చెవిన పడకుండా శాపనార్థాలన్నీ పెట్టి కడుపులోది కక్కేస్తాడు. చాలీచాలని జీతానికి అధికారి మాట పడే ప్రతివాడూ ఆ పాత్రలో తన కోపాన్ని చూసుకున్నాడు. అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పుకున్న బ్రహ్మానందం ఆ ఒక్క పాత్రతో ఇంటింటి మనిషి అయ్యాడంటే కారణం గుండు కాదు, ఆ బదులే. అది ఉన్నచోట నేను క్షమిస్తాను. అది లేని సన్నివేశాన్ని ఎంత పెద్ద దర్శకుడు తీసినా, ఎంత పాతదైనా, మా ఇంట్లో ముందుకు జరిపేస్తాం.

అలాగని నవ్వుకు భయపడమని చెప్పే పెద్దల పక్షానా నేను లేను. నవ్వు నాలుగు విధాల చేటు అన్నారు. సభలో నవ్వకు, తల్లిదండ్రులతో నవ్వకు అని సుమతీ శతకం చెప్పింది. చిన్నప్పుడు ఈ పద్యం అప్పజెప్పిన పిల్లలే పెద్దయ్యాక తండ్రితో మాట్లాడటానికి మధ్యవర్తిని వెతుక్కున్నారు. భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వును స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరుగా విడదీశాడు. మొదటి రెండూ ఉత్తములవి, చివరి రెండూ అధములవి అన్నాడు. రంగస్థలానికి ఆ లెక్క పనికొస్తుందేమో, ఇంటికి పనికిరాదు. కళ్ల నీళ్లు కారేలా, ఒళ్లు ఊగేలా నవ్వడం ఆ లెక్కలో అధమం. మా నాన్న ఆ ఆదివారం నవ్విన నవ్వు అదే. గృహప్రవేశం రోజు మేమంతా నవ్వింది పళ్లు కనిపించీ కనిపించని నాజూకు నవ్వు. ఏది అధమమో నాకు తెలుసు. జాషువా ఈ సంగతిని సూటిగా చెప్పాడు. నవ్వుల్లో "కొన్ని విషప్రయుక్తముల్" అన్నాడు, ప్రేమరసాన్ని వెదజల్లే లేనవ్వులను వ్యాధులకు మహౌషధాలన్నాడు. నవ్వును దాని చప్పుడుతో కాకుండా అందులో ఉన్న ప్రేమతో తూచిన ఆ పద్యమే నాకు శాస్త్రం.

బదులు మాట ఎంతకాలమైనా నిలిచి ఉంటుందనడానికి మా ఇంట్లోనే ఇంకో సాక్ష్యం ఉంది. ఈ మధ్య చిన్న మామయ్యకు షష్టిపూర్తి చేశారు. నాన్నకు ఎనభై దాటాయి, చేతికర్ర పట్టుకుని వచ్చారు. బట్టలు పెట్టే వేళ పట్టు పంచెల పెట్టె మామయ్య చేతిలో పెట్టారు. విప్పి చూస్తే పంచెల మడతలో పురికొస కట్టిన ములక్కాడ! అరవయ్యేళ్ల మామయ్య పీటల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే వంగి నాన్న పాదాలు పట్టుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో మాకు తెలియలేదు. పురోహితుడు మంత్రం ఆపి అయోమయంగా చూస్తున్నాడు. అమ్మ ఆయనకు మొదటినుంచీ కథ చెప్పడం మొదలుపెట్టింది, శ్రీలక్ష్మి సినిమా కథ చెప్పినట్టు, పేర్లు పడటం దగ్గర్నుంచి.

నాకు ఇప్పుడు ఉన్న బెంగ వేరు. మా ఇంట్లో ఐదుగురం. రాత్రి తొమ్మిదింటికి ఐదుగురమూ నవ్వుతూనే ఉంటాం, ఎవరి గదిలో వాళ్లం, ఎవరి ఫోనులో వాళ్లం, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. మా అబ్బాయి గదిలోంచి నవ్వు వినిపిస్తే ఏమైందని అడుగుతాను. "ఏమీ లేదమ్మా" అంటాడు. ఆ జవాబు నాకు కష్టంగా ఉంటుంది. ఒంటరిగా నవ్విన నవ్వులోంచి ఇంట్లో చెల్లే మాట పుట్టదు. లక్ష్మీపతిని నాన్న ఒక్కరే చూసి ఉంటే మాకు ములక్కాడ దక్కేది కాదు.

ఫోను మీద నింద అంతా వేయడం కూడా న్యాయం కాదు. అమ్మకు డెబ్బై అయిదేళ్లు. అమెరికాలో ఉన్న తమ్ముడు ఈసారి పండక్కి తప్పకుండా వస్తానని వాట్సాప్‌లో రాస్తే, అమ్మ ఏమీ రాయకుండా బ్రహ్మానందం స్టిక్కరు ఒకటి పంపింది. నమ్మినట్టే తలూపుతూ, బొత్తిగా నమ్మని ఆ మొహం. తమ్ముడు వెంటనే ఫోను చేశాడు. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. "నువ్వు రావు, నాకు తెలుసు, నాకు బెంగగా ఉంది" అని అమ్మ ఎప్పటికీ అనదు. ఆ బొమ్మ అనిపెట్టింది. ఈ కాలపు పిల్లలు చేసే మీమ్స్ చూసి విసుక్కునే వాళ్లకు నేను ఈ సంగతే చెబుతాను. బావమరిది ఏ రూపంలో వచ్చినా తలుపు తీయాలి.

మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆదివారం సాయంత్రం అందరం హాలులో కూర్చుని ఒకే తెర మీద ఒక హాస్య సినిమా చూస్తాం. ఎవరికి ఏది నచ్చకపోయినా సినిమా ఆపి చెప్పవచ్చు. పోయిన ఆదివారం 'శ్రీవారికి ప్రేమలేఖ'. శ్రీలక్ష్మి కథ మొదలుపెట్టగానే అందరం నవ్వుతుంటే, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి రిమోట్ తీసుకుని ఆపింది. "ఆవిడ అంత ఇష్టంగా చెబుతుంటే ఆ మొగుడు ఒక్కసారైనా వినొచ్చు కదమ్మా" అంది. నేను వెర్రి గురించి నా సిద్ధాంతమంతా చెప్పాను. ఒప్పుకోలేదు. మా అత్తగారు కుర్చీలో సర్దుకుని, "మీ తాతయ్యగారు నేను చూసొచ్చిన సినిమా కథ ఒక్కటీ వినలేదే తల్లీ, నలభై ఏళ్లు" అన్నారు. అత్తగారు ఆ మాట మాతో ఎప్పుడూ అనలేదు. అమ్మాయి లేచి వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని, "అయితే నాకు చెప్పండి నాయనమ్మా, పేర్లు పడటం దగ్గర్నుంచి" అంది. 'మిస్సమ్మ' కథ మొదలైంది. తెర మీద శ్రీలక్ష్మి నోరు తెరిచి అలాగే ఆగిపోయి ఉంది. రాత్రి పదింటికి మా ఆయన లేచి అందరికీ పెరుగన్నం కలిపారు. సినిమా సగంలోనే ఉండిపోయింది, మిగతాది వచ్చే ఆదివారం చూడాలి.